రెండంగుళాల దూరం

కత్తికి అంచు పొడవునా పదునుంటుంది. లేజరుకి ఒక్కచోటే. నా దగ్గరున్న మిషన్లో ఆ చోటు లెన్సుకి సరిగ్గా రెండంగుళాల కింద, అంటే 50.8 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. కాంతి అంతా అక్కడికొచ్చి మిల్లీమీటరులో పదోవంతు చుక్కగా చేరుతుంది. ఆ చుక్క పడ్డచోట చెక్క ఆవిరైపోతుంది. అదే చెక్క ఓ మూడు మిల్లీమీటర్లు పైకో కిందికో జరిగిందనుకోండి. చుక్క మూడింతలకు పైగా వెడల్పవుతుంది, వేడి పదోవంతుకు పలచబడుతుంది. అదే లేజరు, అదే కరెంటు, అదే బిల్లు. కోత మాత్రం ఉండదు, నల్లటి మరకా కాస్త పొగా మిగులుతాయి. పదును పనిముట్టుకీ పనికీ మధ్యనున్న దూరంలో ఉంటుందని ఇంత నిక్కచ్చిగా చెప్పే యంత్రం నాకు మరొకటి తెలీదు.

అందుకే నేను దానికి చెక్కని మోస్తూ లేచి దిగే బెడ్డు కట్టాను, మోటారు పెట్టి. ఎస్. రాయవరంలో, మా ఇంటి వెనక వసారాలో. పై ఊళ్లవాళ్లకి ఈ ఊరు గురజాడ అప్పారావు 1862లో పుట్టిన ఊరుగా తెలుసు. అలాంటి ఊళ్లో రిటైరైన సైన్సు మాస్టారు సాయంత్రంపూట పద్యం రాసుకోకుండా చెక్క కాలుస్తున్నాడేమిటని ఇరుగుపొరుగుకి కొంచెం వెలితిగానే ఉంది.

మిషను చైనాది. నలభై వాట్లని పేరు, లోపలి గాజు గొట్టం పొడవు చూస్తే ముప్ఫై, ముప్ఫై అయిదుకి మించి ఇవ్వదు. 30 సెంటీమీటర్లకి 20, అంతే దాని పొలం. గొట్టంలో కార్బన్ డయాక్సైడు. దాన్నుంచి వచ్చే కాంతి తరంగదైర్ఘ్యం 10.6 మైక్రాన్లు కాబట్టి కంటికి కనపడదు. ఈ జాతి లేజరుని 1964లో అమెరికాలోని బెల్ లేబొరేటరీస్‌లో కనిపెట్టినవాడు మన దేశంవాడే, మహారాష్ట్రలోని బారామతిలో పుట్టిన కుమార్ పటేల్. ఆయన కాలంలో అది ప్రయోగశాల వస్తువు. ఇప్పుడు హైదరాబాదులో 2023 మార్చిలో తెరిచిన టీ-వర్క్స్ లాంటి చోట పెద్ద పెద్దవి ఉన్నాయి, నాలాంటివాళ్ల వసారాల్లో చిన్నవి ఉన్నాయి. పెద్దవాటికి బెడ్డు పుట్టుకతోనే లేస్తుంది, దిగుతుంది. చిన్నవాటికి ఒక రేకు పలక బిగించి పంపుతారు. మూడు మిల్లీమీటర్ల ప్లైవుడ్డు పెట్టుకుంటే అది చాలు. దళసరి చెక్క పెట్టాలంటే పలక విప్పాలి. పలచటి కాగితం పెట్టాలంటే అడుగున ఎత్తు పెట్టాలి. ఈ మిషను వాడే ప్రతివాడి దగ్గరా ఒక డబ్బా ఉంటుంది, దాన్నిండా ఎత్తుకోసం దాచుకున్న ప్లై ముక్కలూ పాత శుభలేఖలూ. శుభలేఖలు మంచివి. దళసరిగా ఉంటాయి, ఎప్పుడూ కొరత ఉండదు.

బెడ్డు కట్టడమంటే మొదట తేల్చుకోవాల్సింది దాన్ని ఎత్తి దించే మర రాడ్లు ఎన్ని అని. చూసినవాళ్లంతా నాలుగు మూలలకి నాలుగు అంటారు. మంచానికి నాలుగు కోళ్లుంటాయి కాబట్టి దీనికీ నాలుగే అని లెక్క. నేను మూడే పెట్టాను. ముక్కాలి పీట ఎంత గతుకు నేల మీద వేసినా కదలదు. మూడు బిందువులు ఎక్కడున్నా వాటిని కలుపుతూ ఒక తలం తప్పకుండా ఉంటుంది కదా. నాలుగోది వచ్చిందంటే ఆ నాలుగూ ఒక తలంలో ఉండి తీరాలి. లేకపోతే ఏదో ఒక రాడ్డు మీద బరువు పడదు, లేదా పలక మెలిపడుతుంది. ముందు వైపు రెండు మూలలకి రెండు రాడ్లు, వెనక మధ్యలో ఒకటి. వెనక మూలలు రెండూ గాల్లో ఉంటాయి. అల్యూమినియం ఛానెల్‌తో చట్రం కట్టి, పైన తేనెపట్టు జాలీ వేస్తే ఆ మాత్రం దూరానికి అవి వంగవు. చట్రం విశాఖపట్నంలో కోయించాను, బేరింగులు అనకాపల్లిలో దొరికాయి, మిగతాదంతా కొరియర్లో అడ్డరోడ్డు దాకా వచ్చింది.

మూడు రాడ్లకీ అడుగున ఒక్కొక్క పళ్ల చక్రం, మూడింటినీ చుట్టి ఒకటే పళ్ల బెల్టు, బెల్టుని బిగుతుగా ఉంచడానికి పక్కన ఒక ఉత్త చక్రం, ఒక మూల మోటారు. మోటారు ఒకటే కావడం ముఖ్యం. మూడు మోటార్లు పెడితే మూడూ ఒకే మాట మీద ఉన్నాయో లేదో చూసుకోవడం ఇంకో పని. బెల్టుకైతే సొంత అభిప్రాయం ఉండదు. ఒకటి ఎంత తిరిగితే అన్నీ అంతే తిరుగుతాయి. చక్రానికి ఇరవై పళ్లు. బెల్టు వేసేటప్పుడు ఒక రాడ్డు దగ్గర ఒక్క పన్ను అటూ ఇటూ అయిందనుకున్నా, ఆ మూల తేడా మిల్లీమీటరులో పదోవంతే వస్తుంది. ఎందుకంటే నేను తీసుకున్న మర ఒక చుట్టుకి రెండు మిల్లీమీటర్లే ఎక్కేది.

ఈ మర విషయం కొంచెం ఆగి చెప్పాలి. బజార్లో ఎనిమిది మిల్లీమీటర్ల మందం రాడ్లు రెండు రకాలు దొరుకుతాయి, చూడ్డానికి అక్కచెల్లెళ్లలా ఉంటాయి. ఒకటి చుట్టుకి ఎనిమిది మిల్లీమీటర్లు ఎక్కుతుంది, ఇంకోటి రెండు. త్రీడీ ప్రింటర్లలో వాడేది మొదటిది, అదే చవక, అదే ఎక్కువగా దొరుకుతుంది. దాని వాలు ఇరవై డిగ్రీలు. నట్టు మీద బరువు పెట్టి వదిలేస్తే రాడ్డు దానంతటదే తిరుగుతుంది, బరువు కిందికి జారుతుంది. రెండో దాని వాలు అయిదు డిగ్రీల చిల్లర. అక్కడ ఒరిపిడే గెలుస్తుంది. ఎంత బరువు పెట్టినా, మోటారు ఆపేసినా, నట్టు కదలదు. మా వైపు కరెంటు సంగతి తెలిసినవాడెవడూ మొదటిది కొనడు. ఎండాకాలం సాయంత్రం పని మధ్యలో కరెంటు పోతే, రెండో రకం మర మీద బెడ్డు ఎక్కడుందో అక్కడే ఉంటుంది.

అయితే తిరిగి కరెంటొచ్చాక మోటారుకి మాత్రం తనెక్కడుందో తెలీదు. ఇది స్టెప్పర్ మోటారు, ఒక చుట్టుని రెండొందల అడుగులుగా నడుస్తుంది. అంటే అడుగుకి మిల్లీమీటరులో వందోవంతు ఎత్తు. ఎన్ని అడుగులు వేసిందో లెక్కపెట్టుకుంటూ ఉంటుంది, కరెంటు పోగానే లెక్క పోతుంది. అందుకే అట్టడుగున ఒక చిన్న స్విచ్చి. మిషను వేయగానే బెడ్డు దిగివెళ్లి దాన్ని తాకి, అక్కణ్ణుంచి మళ్లీ లెక్క మొదలుపెడుతుంది. పట్టుకుని ఉండటం మర పని, గుర్తుపెట్టుకోవడం స్విచ్చి పని. మనిషిలో ఈ రెండూ కలిసే ఉంటాయి కాబట్టి అవి రెండని తోచదు. యంత్రం కట్టేటప్పుడు మాత్రం రెండింటికీ వేరువేరుగా డబ్బు పెట్టాలి.

మరి మోటారు ఎందుకు? బరువు ఎత్తడానికైతే అక్కర్లేదు. బెడ్డూ జాలీ చెక్కా అన్నీ కలిపి మూడు కిలోలుండవు. రాడ్డుకి చిన్న చక్రం తగిలిస్తే మనవరాలు రెండు వేళ్లతో తిప్పగలదు. మోటారు బలంలో పదోవంతు కూడా ఆ పనికి ఖర్చు కాదు. చేత్తో తిప్పే బెడ్లు కట్టుకున్నవాళ్లు ఎందరో ఉన్నారు, వాళ్లని తప్పుపట్టను. నాకు మోటారు కావలసింది చెప్పిన మాట తిరిగి తిరిగి అలాగే చేయడానికి. అక్షరాలు చెక్కేటప్పుడు ఫోకసు చెక్క పైభాగాన ఉండాలి. అదే చెక్కని అంచు వెంట కోసేటప్పుడు మందంలో సగం దగ్గర ఉండాలి, ఆరు మిల్లీమీటర్ల చెక్కయితే మూడు పైకి లేవాలి. చెక్కుడు, కోత, మళ్లీ చెక్కుడు. ఈ లేవడం దిగడం నేను చేస్తే మూడోసారికి విసుగొస్తుంది, విసుగు చేతి లెక్క మారుస్తుంది. మోటారుకి విసుగుండదు.

ఇక్కడ నాకు ఏటికొప్పాక గుర్తొస్తుంది. అది మా దగ్గర్లోదే, వరాహ నది ఒడ్డున ఉంది. 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చిన ఏటికొప్పాక బొమ్మల ఊరు. 2025 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో మన రాష్ట్రం శకటం మీద ఊరేగినవి ఆ బొమ్మలే. అక్కడి పనంతా తరిమెన మీద పని. అంకుడు కర్రని రెండు మొనల మధ్య బిగించి తిప్పుతూ, ఉలి ఆనించి గుండ్రంగా తీసి, తిరుగుతూ ఉండగానే లక్కబిళ్ల రుద్దుతారు. ఒరిపిడి వేడికి లక్క కరిగి పట్టుకుంటుంది. పైన మొగలాకుతో రుద్దితే మెరుపు. కరెంటు మోటార్లు రాకముందు ఒకరు తాడు లాగుతుంటే ఒకరు ఉలి పట్టేవారు. తాడు లాగినప్పుడు కర్ర ఒకవైపు తిరిగేది, వదిలినప్పుడు వెనక్కి. కాబట్టి ఉలి తెగేది సగం సేపే. మోటారు వచ్చాక తాడు లాగే మనిషి పోయాడు. ఉలి పట్టే మనిషి అలాగే ఉన్నాడు. ఉలికీ కర్రకీ మధ్య దూరం ఇప్పటికీ అతని మణికట్టులోనే ఉంది.

ఇంగ్లండులో 1800 ప్రాంతంలో హెన్రీ మాడ్స్‌లే అనే ఆయన ఆ మణికట్టునే తీసేశాడు. ఉలిని మనిషి చేతిలోంచి తీసి ఒక బండి మీద బిగించి, ఆ బండిని పొడవాటి మర రాడ్డుతో నడిపించాడు. లేతు మెషిన్లు, వాటి మీద తయారైన ప్రతి బోల్టూ అక్కణ్ణుంచి వచ్చినవే. నా బెడ్డు కింద ఉన్న మర రాడ్డుకి అదే వంశం. ఏటికొప్పాక మోటారుని రానిచ్చి మాడ్స్‌లే బండిని గుమ్మంలోనే ఆపింది. దాన్ని వెనకబాటు అనేవాళ్లున్నారు, కళ అని మురిసేవాళ్లున్నారు. నాకు రెండూ అతిశయంగానే కనిపిస్తాయి. కొయ్య ఇనుములా ఒకేలా ఉండదు. ముడి వచ్చిన చోట ఉలి తనంతట తాను కాస్త వెనక్కి తగ్గాలి. బండికి అది తెలీదు, చేతికి తెలుసు. ముడి దాటగానే చెయ్యి మళ్లీ ముందుకొస్తుంది. లేజరు కొయ్యని తాకదు కాబట్టి దానికి ముడి తగలడమూ తెలీదు, తగ్గడమూ తెలీదు. అందుకే దాని దూరం ఎవరో ఒకరు ముందే నిర్ణయించి ఉండాలి. చేతితో చేసే పనిలో దూరం పని జరుగుతుండగా తేలుతుంది. నా మిషన్లో మూత వేయకముందే తేలిపోవాలి.

ముందే తేల్చడానికి వాలు పరీక్ష ఒకటుంది. ఒక చెక్కపట్టీని ఏటవాలుగా నిలిపి, పైనుంచి కిందికి ఒక గీత కాల్చాలి. గీత ఒకచోట వెడల్పుగా మొదలై, సన్నబడి, మళ్లీ వెడల్పవుతుంది. అన్నిటికన్నా సన్నంగా ఉన్నచోటు ఎత్తు కొలిస్తే అదే ఫోకసు. మిషనుతో వచ్చిన కాగితం ఏమన్నా అననివ్వండి, ఆ సన్నటి చోటే నిజం. ఖరీదైన మిషన్లలో ఇప్పుడు చిన్న కడ్డీ దిగివచ్చి చెక్కని తాకి ఎత్తు అదే చూసుకుంటుంది. దాన్ని పెట్టడం కష్టమేమీ కాదు. నేను పెట్టలేదు. వాలు పరీక్షలో తేలిన ఎత్తుకి ఒక పుల్ల చేయించుకుని, నాజిల్ కొనకీ చెక్కకీ మధ్య నిలబెట్టి చూసుకుంటాను. పుల్ల బిగుతుగా జారితే సరే. ఎత్తడం మోటారుకి ఇచ్చాను, సరిపోయిందా లేదా అనేది నా దగ్గరే ఉంచుకున్నాను. ఇది సిద్ధాంతమేమీ కాదు. వంకర పలక మీద ఎక్కడ తాకి చూడాలో కడ్డీకి తెలీదు, నాకు తెలుస్తుంది.

ఆ పుల్ల తీసింది ఏటికొప్పాకలో నాకు పరిచయమున్న ఒకతను. ఒకప్పుడు నా దగ్గర చదువుకున్నాడు.

“ఇదేటి మాస్టారూ, పుల్లకి కూడా కొలతా?” అన్నాడు.

కొలత ఎందుకో చెప్పాను. వర్షాకాలంలో తేమకి ఉబ్బుతుందేమో, ఇత్తడితో చేయించుకోమంటావా అని కూడా అడిగాను. నవ్వాడు. “కర్ర అడ్డంగా ఉబ్బుద్ది గానీ పొడుగున ఎందుకుబ్బుద్దండి?” అన్నాడు. అది పుస్తకాల్లోనూ ఉన్నదే. తేమకి కొయ్య అడ్డుకొలతలో మారినంతలో చిన్న వంతు కూడా పొడవులో మారదు. అంకుడు నార పొడవునా తీసి, కాలెక్కడో తలెక్కడో తెలియడానికి ఒక కొనకి ఎర్ర లక్క పట్టించి ఇచ్చాడు. ఇనుము మాత్రం మా దగ్గర పొడవులోనూ అడ్డంలోనూ తుప్పుపడుతుంది. రేవుపోలవరం సముద్రం ఎంతో దూరం లేదు, గాలి తిరిగితే ఉప్పు వచ్చేస్తుంది. రాడ్లకి గ్రీజు పూస్తూ ఉండాలి. పూస్తే కాలిన చెక్క మసి వచ్చి దాన్లో అతుక్కుంటుంది. అప్పుడు తుడిచి మళ్లీ పూయాలి. సముద్రతీరంలో మర పెట్టుకున్నవాడికి ఈ వ్రతం తప్పదు.

అతనికి పుల్ల కన్నా మిషను మీద ఆసక్తి ఎక్కువ. ఒకరోజు వచ్చి మూత ఎత్తి చూసి, సూటిగా అడిగాడు: “గంటకి ఎన్ని పేర్లు రాస్తాదండి?”

పెళ్లిళ్లకి కుంకుమ భరిణెలు పంచడం మామూలైంది. వాటి మీద వధూవరుల పేర్లుంటే గిరాకీ వేరు. ఇప్పుడు రంగుతో రాయిస్తున్నారు, కొన్నాళ్లకి చెరిగిపోతుంది. లేజరు చెక్కితే చెరగదు. మంచి ఆలోచనే. రెండు చిక్కులున్నాయి. మొదటిది లక్క. అది డెబ్బై, ఎనభై డిగ్రీలకే మెత్తబడుతుంది. లేజరు తగలగానే అంచులు కరిగి అక్షరాల్లోకి జారతాయి. బలం తగ్గించి వేగం పెంచితే, లక్క పొర మాత్రం ఎగిరిపోయి కింద తెల్లటి అంకుడు కనపడుతుంది. ఎర్ర లక్క మీద తెల్ల అక్షరం బాగుంటుంది. ఈ పని ధైర్యంగా చేయగలుగుతున్నానంటే దానికి ఏటికొప్పాకలో చెట్ల రంగులు తిరిగి రావడం ఒక కారణం. రసాయన రంగులు పట్టించిన లక్కని కాల్చి ఆ పొగ పీల్చమంటే నేను ఒప్పుకోను. పసుపు, నీలిమందు లాంటి రంగులు మళ్లీ తరిమెన మీదికి ఎక్కాయంటే అందులో సి.వి. రాజుగారి పాత్ర పెద్దది, 2023లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. పిల్లలు నోట్లో పెట్టుకునే బొమ్మల కోసం జరిగిన పని నా వసారాలో పొగకి కూడా పనికొచ్చింది. ఇక పీవీసీ అంటారా, దాన్ని ఈ మిషను దగ్గరికే రానివ్వకూడదు. కాలితే క్లోరిన్ విషం, మనిషికీ యంత్రానికీ చేటే.

రెండో చిక్కు గుండ్రం. తరిమెనకి గుండ్రంగా లేనిదేదీ తెలియదు, లేజరుకి చదునుగా లేనిదేదీ తెలియదు. అరవై మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న భరిణెని పడుకోబెట్టి, శిఖరం దగ్గర ఫోకసు పెట్టామనుకోండి. శిఖరం నుంచి పక్కకి ఏడు మిల్లీమీటర్లు వెళ్లేసరికి ఉపరితలం 0.8 మిల్లీమీటరు దిగిపోతుంది. పది వెళ్తే 1.7. నా లెన్సు ఓర్చుకునేది పైకి ఒకటి, కిందికి ఒకటి. కాబట్టి పద్నాలుగు మిల్లీమీటర్ల వెడల్పు పట్టీ వరకే అక్షరం స్పష్టంగా వస్తుంది, ఆపైన అలుక్కుపోతుంది. దీనికి మందు తరిమెనలోనే ఉంది, భరిణెని తిప్పడం. రెండు రోలర్ల మీద దాన్ని పెట్టి కొంచెం కొంచెంగా తిప్పుతూ పోతే శిఖరం ఎప్పుడూ శిఖరంలోనే ఉంటుంది. బెడ్డు వ్యాసాన్ని బట్టి ఒక్కసారి దిగి ఆగితే చాలు. రోలర్లు బెడ్డు మీద బిగించాను.

సాదా గొట్టాలకి పని అయింది. భరిణెలకి కాలేదు, ఎందుకంటే భరిణె పొట్ట దగ్గర అరవై ఉంటే మెడ దగ్గర యాభై ఉంటుంది. నలభై మిల్లీమీటర్ల పొడవులో అయిదు మిల్లీమీటర్లు దిగుతుంది. లేజరు తల ఆ నలభై మిల్లీమీటర్లూ రెప్పపాటులో అటూ ఇటూ పరుగెత్తుతుంటే, ప్రతి పరుగుకీ బెడ్డు అయిదు మిల్లీమీటర్లు లేచి దిగాలి. చుట్టుకి రెండు మిల్లీమీటర్లు ఎక్కే మర అంత పరుగు తీయలేదు. కరెంటు పోయినా జారకూడదని ఏ నిదానం చూసి ఎంచుకున్నానో ఆ నిదానమే అడ్డొచ్చింది. నేను వేగం లెక్కలు వేస్తుంటే అతను భరిణెని వేలి మీద ఆడిస్తూ, “సన్నవేపు కింద ముక్క పెట్టి లేపేయండి మాస్టారూ. పైన గీత సమం అయిపోద్ది గదా,” అన్నాడు.

అవుతుంది. శంకువుని దాని వాలంత కోణంలో ఒరగబెడితే పై గీత నేలకి సమాంతరంగా వస్తుంది, తిప్పుతున్నంతసేపూ అలాగే ఉంటుంది. ఈ భరిణెకి ఆ వాలు ఏడు డిగ్రీలు. నా బెడ్డుకి ఆ ఏడు డిగ్రీలు చేతకాదు. మూడు రాడ్లనీ ఒకే బెల్టుతో కట్టిందే ఏ మూలా ఒంటరిగా లేవకూడదని. అందుకని రోలర్ల చట్రం కింద పెట్టడానికి ఏడు డిగ్రీల వాలు ముక్కలు రెండు అదే లేజరుతో ప్లైవుడ్డులో కోశాను. అక్షరాలు ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకేలా వచ్చాయి.

చిక్కల్లా భరిణె భరిణెకీ వాలు మారడం. చేత్తో తీసినవి కదా, ఒకటి ఆరు డిగ్రీలుంటుంది, ఇంకోటి ఎనిమిది. వాలు వాలుకీ ఒక ముక్క కోసి పెట్టుకుందామనుకుంటున్నాను. అతను వద్దంటున్నాడు. నమూనా అట్టముక్క ఒకటి ఇస్తే, దాన్ని ఆనించి చూసుకుంటూ అన్ని భరిణెలూ ఏడు డిగ్రీలకే తీస్తానంటున్నాడు. నాకు అది అంత రుచించలేదు. మణికట్టులో ఉన్న దూరాన్ని నా మిషను సౌకర్యం కోసం అట్టముక్కకి అప్పగించడం ఏమిటని అన్నాను. అతనికి ఆ బెంగ లేదు. మాఘమాసం ముహూర్తాలకి ఎన్ని జతల పేర్లు రాసివ్వగలనో, జతకి ఎంత తీసుకుంటానో ముందు తేల్చమన్నాడు.